నాన్న ఒక్కరే వెళ్ళి రాగలరా? మునిసిపాలిటీ వృద్ధుల సేవలపై మా ఏడాది అనుభవం

మా నాన్నకి 79 ఏళ్ళు. నలభై ఏళ్ళకు పైగా వడ్రంగం చేసిన మనిషి. కిందటేడు మోకాళ్ళు సహకరించక, కుడి చెవి సరిగ్గా వినబడక, బయటికి వెళ్ళడం బాగా తగ్గించేశారు. అదే సమయంలో మునిసిపాలిటీ వాళ్ళు పెద్దవాళ్ళ కోసం విడిగా ఒక విభాగం పెట్టారని తెలిసి ఆయన పేరు రాయించాను. ఇంటికొచ్చి చూసే ఆరోగ్య కార్యకర్త, ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాన్, పగటిపూట కూర్చునే కేంద్రం, ఫోన్ హెల్ప్‌లైన్, ఆఫీసులో ప్రత్యేక కౌంటర్, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఏడాదిలో అన్నీ వాడాం. ఇలాంటి సేవ మీ దగ్గరా ఉండి, అమ్మానాన్నల పేరు రాయించాలా వద్దా అని మీరు ఆలోచిస్తుంటే ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ప్రతిదాన్నీ నేను ఒకే కొలతతో చూశాను. నేను పక్కన లేకుండా నాన్న ఒక్కరే ఆ సేవ వాడుకోగలరా? కూతురు సెలవు పెట్టి వెంట వస్తేనే అందే సాయం, కూతురు దగ్గరున్నవాళ్ళకే అందుతుంది. పిల్లలు ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళ సంగతేంటి? అసలు ఎవరూ లేనివాళ్ళ సంగతేంటి? ఇలాంటి సేవ అందరికంటే ముందు వాళ్ళకే కదా కావాల్సింది.

అన్నిటిలోకీ బాగున్నది ఇంటికొచ్చి చూసే సేవ. ఐదుకి ఐదూ ఇస్తాను.

పేరు రాయించిన మూడో వారంలో ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కుర్చీ లాక్కుని నాన్నకి ఎదురుగా కూర్చుంది. రెండు మాటలు మాట్లాడాక, లేచి కుర్చీ ఆయన ఎడమ వైపుకి జరుపుకుంది. ఏ చెవి బాగా వినబడుతుందో మేం చెప్పలేదు. ఆయన తల ఎటు తిప్పుతున్నారో చూసి తనే కనిపెట్టింది. ఆ అమ్మాయి మీద నాకు గురి కుదిరింది అక్కడే.

"నాన్నగారూ, మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. కాసేపాగి అడుగుతాను. పువ్వు, తలుపు, నది" అంది. నాన్న వెంటనే "తలుపు ఏ కర్రతో చేసిందమ్మా?" అన్నారు. తను నవ్వి, "మీరే చెప్పండి" అంది. ఆ తర్వాత చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంది. ఫోన్‌లో టైం పెట్టింది. 14 సెకన్లలోపు అయిపోవాలట. నాన్నకి 19 పట్టింది. చివరిసారి లేచేటప్పుడు ఆయన పెదవి బిగబట్టడం చూశాను. రోజూ చూసే మనిషినే అయినా కూర్చుని లేవడానికి అంత కష్టపడుతున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఆయన వెనక ఒక పక్కగా చేయి చాపినంత దూరంలో నిలబడి, రెండో చెవి మూసుకోమని, గుసగుసగా నాలుగు మాటలు చెప్పింది. ఎడమ చెవికి నాలుగూ అందాయి. కుడి చెవికి ఒక్కటే. గడచిన మూడు నెలల్లో తగ్గాలని అనుకోకుండానే మూడు కిలోలకు మించి బరువు తగ్గారా, ఆకలి ఎలా ఉంది, మనసు దిగులుగా ఉంటోందా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా అని అడిగింది. ఈ ప్రశ్నలన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన ఐకోప్ (పెద్దవాళ్ళ సమగ్ర సంరక్షణ) మార్గదర్శిలో ఉన్నాయి. జ్ఞాపకం, నడక, పోషణ, చూపు, వినికిడి, మనసు, ఈ ఆరూ పెద్ద ఆసుపత్రి అక్కర్లేకుండా, చిన్నపాటి శిక్షణతో ఇంట్లోనే చూసేయొచ్చన్నది దాని ఆలోచన. రోగం ఏమిటని కాకుండా మనిషి ఏం చేసుకోగలుగుతున్నాడని చూస్తుంది. వెళ్ళేముందు ఆ మూడు మాటలూ అడిగింది. నాన్న "పువ్వు, నది" అని ఆగారు. మాకందరికీ టెన్షన్. "తలుపు ఎలా మర్చిపోతానమ్మా, చివర చెబుదామని ఆగాను" అన్నారు.

ఆ తర్వాత ఇల్లంతా తిరిగి చూసింది. బాత్‌రూమ్ దగ్గర ఆగింది. అక్కడ గడప ఎత్తు, లోపల బల్బు మసక, తలుపు ముందు జారే పట్టా. నాన్నని అక్కడ మామూలుగా నిలబడమని, చేయి సహజంగా ఎక్కడ ఆనుకుంటుందో ఆ చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీసింది. "ఇక్కడ పట్టుకోవడానికి కడ్డీ వేయించండి" అంది. వేయించడం ఏమిటి, నాన్న ఆ సాయంత్రమే తనే డ్రిల్లు తీసి బిగించుకున్నారు. ఆరు నెలల తర్వాత ఆయన చేతిలోకి పనిముట్టు రావడం అదే మొదలు. పట్టా తీసేశాం, బల్బు మార్చాం. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని, వాళ్ళలో 60 దాటినవాళ్ళే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా ఇంట్లో ఆ ప్రమాదానికి దారి తెరిచి ఉంచినవి ఒక పట్టా, ఒక బల్బు.

చెవికి డాక్టర్ని కలవమని చీటీ రాసిచ్చింది. వెళితే గుబిలి గట్టిపడి ఉందని తీశారు. సగం సమస్య దానితోనే పోయింది. మూడు నెలలకి అదే అమ్మాయి మళ్ళీ వచ్చింది. తను నేర్పిన కుర్చీ వ్యాయామం రోజూ చేస్తున్నారేమో, ఈసారి 15 సెకన్లు. డెన్మార్క్‌లో పెద్ద వయసు వాళ్ళ ఇళ్ళకు ఇలా ముందే వెళ్ళి చూడటాన్ని 1990లలోనే చట్టం చేసి మునిసిపాలిటీల బాధ్యతగా పెట్టారు. ఎందుకు పెట్టారో బాత్‌రూమ్ గోడ మీద ఆ ఒక్క పెన్సిల్ గీత చూశాక నాకు అర్థమైంది.

ఒక్క లోపం. నాలుగోసారి వేరే మనిషి వచ్చారు. చేతిలో పాత వివరాలేవీ లేవు, అన్నీ మొదటి నుంచి అడిగారు. కుడి వైపు కూర్చున్నారు. నాన్న సగం ప్రశ్నలకి ఊరికే తలూపారు. వచ్చే మనిషి మారినా, రాసుకున్న కాగితం మారకుండా చేతిలో ఉండాలి.

ఇక ఆఫీసులో కౌంటర్. దీనికి ఐదుకి ఒకటే.

గుర్తింపు కార్డు కోసం మనిషి స్వయంగా రావాలన్నారు. వెళ్ళాం. వేలిముద్ర మిషన్ మీద పది వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. ఒక్కటీ పడలేదు. వయసు మీదపడేకొద్దీ చర్మం ఎండి, వేలి గీతలు చదునవుతాయి. దానికి తోడు నలభై ఏళ్ళు చిత్రికా ఉలీ పట్టిన వేళ్ళు. కౌంటర్‌లోని మనిషి నా వైపు చూసి "ఈయనకి వేలిముద్రలు లేవండీ, మళ్ళీ రండి" అన్నారు. మళ్ళీ వస్తే వేలిముద్రలు మొలుస్తాయా? ఆ మాట నేను అనలేదు. నాన్న తన వేళ్ళ కొసలు చూసుకుంటూ ఉండిపోయారు.

రెండోసారీ అంతే. మూడోసారి వేరే ఉద్యోగి ఉన్నారు. ఆయన సొరుగు లాగి, కంటిపాప చూసే మిషన్ తీసి, నిమిషంలో పని పూర్తిచేశారు. ఆ మిషన్ మొదటి రోజు కూడా అదే సొరుగులో ఉంది. నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది ఇదే. సాయం ఉంది, చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉంది, చెప్పేవాళ్ళు లేరు. ఇంకో సంగతి, మూడుసార్లూ ప్రశ్నలన్నీ నన్నే అడిగారు. "వీరి వయసెంత?" "వీరికి షుగర్ ఉందా?" నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు. రెండో ప్రశ్నకి ఆయనే "నన్ను అడగండి బాబూ, నా ఒంటి సంగతి నాకే బాగా తెలుసు" అన్నారు. అలా అనగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఆ ఆఫీసు ముందు ర్యాంప్ ఉంది, అది కూడా చెప్పాలి. చక్రాల కుర్చీకి ఎత్తు ఎంతుంటే దానికి 12 రెట్ల పొడవుండాలన్నది చాలా దేశాల్లో పాటించే లెక్క. అక్కడ మూడు మెట్లు. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్లు, మొత్తం 45. అంటే ర్యాంప్ 5.4 మీటర్లు రావాలి. నాన్న చేతికర్ర దానిమీద ఆన్చి, ఒక కన్ను మూసి చూసి, "రెండుంపావు కూడా లేదు" అన్నారు. తర్వాతిసారి టేపు జేబులో పెట్టుకుని వచ్చి కొలిచారు. 2.2 మీటర్లు. "ఇది ఎక్కడానికి కట్టింది కాదమ్మా, ఉందని చూపించడానికి కట్టింది" అన్నారు. ఆయన మెట్ల మీదుగానే ఎక్కారు, నా భుజం పట్టుకుని. పట్టుకోవడానికి కడ్డీ ఒక పక్కనే ఉంది, అది దిగేవాళ్ళకి ఎడమ చేతికి వస్తుంది. నాన్న కర్ర పట్టుకునేది ఆ చేత్తోనే.

రోడ్డు విషయం మునిసిపాలిటీ పుస్తకంలో ‘వృద్ధుల సేవ’ అనే శీర్షిక కింద లేదు. నా లెక్కలో మాత్రం అన్నిటికంటే పెద్ద సేవ అదే. పగటి కేంద్రానికి మా ఇంటి నుంచి 600 మీటర్లు. మధ్యలో ఒక సిగ్నల్ దాటాలి. రోడ్డు వెడల్పు 14 మీటర్లు, నడిచేవాళ్ళకి పచ్చ దీపం 14 సెకన్లు. సిగ్నళ్ళు పెట్టేటప్పుడు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని అనుకోవడం చాలాచోట్ల వాడుక. ఆ లెక్కన 14 మీటర్లకి 12 సెకన్లు చాలు. మా నాన్నకి 21 పడుతుంది. నేను రెండు రోజులు చూసి రాసుకున్నాను.

ఇది మా నాన్న ఒక్కరి సమస్య కాదు. ఇంగ్లండులో 65 దాటినవాళ్ళ నడక కొలిచి 2012లో ప్రచురించిన పరిశోధనలో మగవాళ్ళ సగటు సెకనుకి 0.9 మీటర్లు, ఆడవాళ్ళది 0.8. అంటే ఎక్కువమంది ఆ 1.2ని అందుకోలేరు. సింగపూర్‌లో 2009 నుంచి దీనికో మార్గం పెట్టారు. పెద్దవాళ్ళు తమ కార్డుని సిగ్నల్ స్తంభానికి ఉన్న పెట్టెకి తాకిస్తే, రోడ్డు వెడల్పుని బట్టి పచ్చ దీపం 3 నుంచి 13 సెకన్ల దాకా ఎక్కువసేపు ఉంటుంది. నాన్నకి కావాల్సింది ఇంకో 7 సెకన్లు.

ఆ 7 సెకన్లు లేకపోతే ఎలా ఉంటుందో ఒకరోజు బాల్కనీలోంచి చూశాను. ఆయన మధ్యకి చేరేసరికి దీపం మారింది. డివైడర్ మీద నిలబడే చోటు లేదు. రెండు వైపులా బండ్లు కదిలాయి, హారన్లు. ఆయన ఆగలేదు, వేగం పెంచలేదు, పెంచలేరు. కర్ర ముందుకు చాపి, తల వంచుకుని నడిచారు. ఒక బైకు కుర్రాడు బండి అడ్డంగా ఆపి, చేయెత్తి మిగతావాళ్ళని ఆపాడు. ఆ అబ్బాయెవరో తెలియదు, అతన్ని మర్చిపోను. ఆ తర్వాత నెలరోజులు నాన్న కేంద్రానికి వెళ్ళలేదు. అడిగితే "ఎండగా ఉందమ్మా" అనేవారు.

కూర్చునే చోటూ అలాంటిదే. నాన్న 200 మీటర్లు నడిచాక ఒక్క నిమిషం కూర్చుంటే మళ్ళీ 200 నడవగలరు. ఆ 600 మీటర్లలో ఒకే బెంచీ ఉంది, దానికి వీపు ఆన్చే పలక లేదు, చేతులు లేవు. ఎత్తు 36 సెంటీమీటర్లు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు అందులోకి కూలబడగలరు, లేవలేరు. 45 ఉండి, పక్కన చేయి ఆన్చడానికి ఉంటే చాలని నాన్న అంటారు. జీవితమంతా కుర్చీలు చేసిన మనిషి మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 33 నగరాల్లో పెద్దవాళ్ళని అడిగి, వయోమిత్ర నగరం ఎలా ఉండాలో 2007లో రాసింది. ఎనిమిది విషయాలు, అందులో మొదటిది బయటి స్థలాలూ భవనాలూ. వైద్యం కంటే ముందు వీధిని పెట్టారు. బెంచీ, కాలిబాట, శుభ్రమైన మరుగుదొడ్డి, దాటడానికి చాలినంత సమయం. ఎక్కడి పెద్దవాళ్ళకైనా ముందు కావాల్సినవి అవే.

వ్యాన్ గురించి క్లుప్తంగా. రెండు రోజుల ముందు చెప్పాలి, చెబితే వస్తుంది. డ్రైవర్ మంచివాడు, "పెద్దాయనా, నిదానంగా" అంటూ అడుగుపీట వేసి ఎక్కిస్తాడు. తిరుగు ప్రయాణానికి గంటకు పైగా ఆగాల్సి వస్తుంది. అనుకుని చూపించుకునే చెకప్‌లకి బాగుంది, ఉన్నట్టుండి ఒంట్లో బాగోనప్పుడు పనికిరాదు. మూడు ఇస్తాను.

హెల్ప్‌లైన్‌కి రెండు. రికార్డు చేసిన గొంతు గబగబా చెబుతుంది, వెనక సంగీతం. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి ధ్వనులు. స, ష, త లాంటివి. మిగతావి వినబడతాయి. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం చెబుతున్నారో తెలియదు. గట్టిగా చెప్పినంత మాత్రాన లాభం లేదు, నిదానంగా, విడమర్చి చెప్పాలి. నాన్న మూడుసార్లు చేసి, ఏ నంబరు నొక్కాలో అర్థం కాక పెట్టేశారు. మనిషి ఎత్తే నంబరు ఒకటి ఉంది. అది ఎక్కడుందంటే యాప్‌లో. పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఫోన్‌ని మొదటి మోగుకే ఒక మనిషి ఎత్తాలి. నేను గట్టిగా అడిగేది ఇదే.

పగటి కేంద్రం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. శుభ్రమైన హాలు, గాలి బాగా వస్తుంది, మరుగుదొడ్డికి రెండు వైపులా కడ్డీలు, అవసరమైతే బయటి నుంచి తెరవగలిగే గడియ. ఎవరో ఆలోచించి కట్టారు. ఆడవాళ్ళు పది పన్నెండు మంది రోజూ వస్తారు, మాటలు కలుస్తాయి. మగవాళ్ళు ముగ్గురో నలుగురో, తలా ఒక పేపర్ పట్టుకుని తలా ఒక మూల. నాన్న రెండు రోజులు వెళ్ళి మానేశారు. "అక్కడ నాకేం పనమ్మా?" అన్నారు.

ఆయన్ని మళ్ళీ అక్కడికి రప్పించింది కాలు ఊగుతున్న ఒక స్టూలు. కేంద్రం చూసుకునే ఆవిడ మా ఇంటికి ఫోన్ చేసి, "మీ నాన్నగారు ఒకసారి చూస్తారా?" అని అడిగింది. అది ఆమె ఉద్యోగంలో భాగమని నేననుకోను, ఆమె మంచితనం. నాన్న పాత సంచీలో సుత్తి, ఉలి, జిగురు పెట్టుకుని వెళ్ళారు. ఆ స్టూలు అయ్యాక ఇంకో కుర్చీ, ఆ తర్వాత ఒకరి చేతికర్రకి పిడి. పేపర్ చదువుకునే ఆయనొకరు వచ్చి పక్కన కూర్చుని పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారట. ఇప్పుడు ఆ మూలకి ఒక బల్ల వేశారు, నలుగురైదుగురు చేరుతున్నారు. ఆస్ట్రేలియాలో 1990లలో ఇలాగే మగవాళ్ళ కోసం పనిపాకలు మొదలయ్యాయి, ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చోబెడితే మాట్లాడరు, ఒకే పని మీద పక్కపక్కన వంగితే మాట్లాడతారని వాటిని నడిపేవాళ్ళు చెబుతారు. మా నాన్న విషయంలో అది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆయన ఆ మాస్టారితో అమ్మ గురించి మాట్లాడారట. అమ్మ పోయి మూడేళ్ళు, మాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

కేంద్రానికి నాలుగు. ఆ ఐదోది రోడ్డు దాటాక ఇస్తాను.

పేరు రాయించాలా అంటే, తప్పకుండా రాయించండి. ఇంటికొచ్చి చూసే సేవ ఒక్కదాని కోసమైనా సరే. కౌంటర్‌కి వెళ్ళేటప్పుడు, వేలిముద్ర పడకపోతే కంటిపాప మిషన్ ఉందా అని మీరే అడగండి. ఇంటికి వచ్చినవాళ్ళు రాసుకున్న కాగితానికి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి, మనిషి మారితే చూపించొచ్చు. మీ వీధి సిగ్నల్ దగ్గర అమ్మతోనో నాన్నతోనో ఒకసారి నడిచి సెకన్లు లెక్కపెట్టి రాసుకోండి. అర్జీలో "సమయం చాలడం లేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "14 కాదు, 21 కావాలి" అని రాస్తే ఇంజినీరు చదువుతాడు.

నాన్న పోయిన నెల ఆ అర్జీ స్వయంగా రాశారు. సిగ్నల్‌కి 7 సెకన్లు, దారిలో చేతులున్న రెండు బెంచీలు, ఆఫీసు ముందు కొత్త ర్యాంప్. ర్యాంప్‌కి 5.4 మీటర్ల చోటు నేరుగా లేదని, మధ్యలో ఒక మలుపు, ఆ మలుపు దగ్గర చదునైన చోటు, రెండు పక్కలా కడ్డీలు పెట్టి పెన్సిల్‌తో బొమ్మ గీసి జత చేశారు. మాస్టారు లెక్క సరిచూసి కింద సంతకం పెట్టారు. కౌంటర్‌లో రసీదు ఇచ్చారు. బెంచీలు వేస్తామని ఫోన్ వచ్చింది, సిగ్నల్ గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. ర్యాంప్ చూడటానికి మంగళవారం ఇంజినీరు వస్తున్నారు, నాన్నని కూడా రమ్మన్నారు. టేపూ రసమట్టమూ ఇప్పటికే సంచీలో సర్దేసుకున్నారు. నన్ను సెలవు పెట్టొద్దన్నారు.